లీగ్ వన్‌లో ఒక మిడ్‌ఫీల్డర్ ఎలా తయారవుతాడు: లోన్లు, రిలీజ్‌ల వెనక లెక్క

ఏటా మే నెల వచ్చేసరికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల వెబ్‌సైట్లలో ఒక పొడి ప్రకటన కనిపిస్తుంది. దాని పేరు రిటెయిన్డ్ లిస్ట్. ఎవరిని ఉంచుకుంటున్నారు, ఎవరికి కొత్త కాంట్రాక్టు ఇస్తామన్నారు, ఎవరిని వదిలేస్తున్నారు అన్నది నాలుగు ముక్కల్లో ఉంటుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడి పేరు పక్కన 'రిలీజ్డ్' అని చూడగానే వాడి కథ ముగిసిందనుకుంటాం. 'లోన్ (అంటే ఇంకో క్లబ్బుకు అరువు) నుంచి వెనక్కి పిలిచారు' అని ఉంటే అక్కడ ఆడలేకపోయాడనుకుంటాం. చాలాసార్లు రెండూ తప్పే. కింది లీగుల్లో ఒక మిడ్‌ఫీల్డర్ తొలి అయిదారేళ్లను వాడి కాళ్లు ఎంత నడిపిస్తాయో, కాంట్రాక్టు తేదీలు, లోన్ షరతులు, పరిహారం పట్టికలు కూడా దాదాపు అంతే నడిపిస్తాయి. అవి తెలియకుండా కెరీర్ పట్టిక చదివితే సగమే అర్థమవుతుంది.

పేర్లతోనే మొదలయ్యే తికమక

లీగ్ వన్ అంటే మొదటి లీగ్ కాదు, మూడో అంతస్తు. పైన 20 క్లబ్బులతో ప్రీమియర్ లీగ్, దాని కింద 24 క్లబ్బులతో ఛాంపియన్‌షిప్, తర్వాత లీగ్ వన్, లీగ్ టూ. ఈ రెండిట్లోనూ 24 చొప్పున ఉంటాయి. ప్రీమియర్ లీగ్ పోగా మిగిలిన 72 క్లబ్బుల్ని కలిపి ఈఎఫ్ఎల్ అంటారు. ఐదో అంతస్తు నేషనల్ లీగ్. 2015 వరకు దాన్ని కాన్ఫరెన్స్ అనేవారు. అక్కడి నుంచి కిందికంతా 'నాన్ లీగ్'. పేరు చూసి అదేదో గల్లీ ఆట అనుకోకూడదు. అక్కడ జీతాలిచ్చి ఆడించే క్లబ్బులున్నాయి, ఏటా పైకీ కిందికీ రాకపోకలూ ఉన్నాయి.

మనవాళ్లకు ఈ అంతస్తులు కాస్త దగ్గరైంది బ్లాక్‌బర్న్ రోవర్స్ వల్ల. 1971లో హైదరాబాద్‌లో బి.వి.రావు మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్, అదే వెంకీస్ గ్రూపు, 2010 నవంబరులో ఆ క్లబ్బును కొన్నది. 2012లో క్లబ్బు ప్రీమియర్ లీగ్ నుంచి జారింది. 2017లో ఇంకో మెట్టు దిగి లీగ్ వన్‌లో పడింది. ఏడాదిలోనే మళ్లీ పైకి లేచింది. ఆ ఏడాది దాన్ని లేపిన మిడ్‌ఫీల్డర్ బ్రాడ్లీ డాక్. పెద్ద అకాడమీ పేరు లేకుండా కింది నుంచే ఎదిగినవాడు కాబట్టి ఈ వ్యాసంలో అతని దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తాం.

పదహారు నుంచి పద్దెనిమిది: స్కాలర్

పిల్లలు తొమ్మిదేళ్ల వయసు జట్ల నుంచే అకాడమీల్లో నమోదవుతారు. అసలైన మొదటి గేటు మాత్రం పదహారేళ్లకు వస్తుంది. క్లబ్బు ఇష్టపడితే రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఇది చదువుకు ఇచ్చే ఉపకార వేతనం లాంటిది కాదు, అప్రెంటిస్ ఉద్యోగం. కొద్దిపాటి భత్యం ఉంటుంది. రోజూ శిక్షణ, వారంలో కొన్ని గంటలు తప్పనిసరి చదువు. ఈఎఫ్ఎల్ క్లబ్బుల్లో ఈ చదువు సంగతి చూడడానికి ఈఎఫ్ఎల్, ఆటగాళ్ల సంఘం పీఎఫ్ఏ కలిసి 2004లో ఎల్ఎఫ్ఈ అనే సంస్థను పెట్టాయి. బూట్లు వేలాడదీయాల్సి వస్తే చేతిలో కాగితం ఒకటి ఉండాలన్నది దాని ఉద్దేశం.

పదిహేడు నిండితే ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టవచ్చు. అలా పెట్టేవాళ్లు ఏ బ్యాచ్‌లోనైనా కొందరే. స్కాలర్‌షిప్ రెండో ఏడాది చివర్లో మిగతావాళ్లంతా రిలీజ్ జాబితాలోకి వస్తారు.

అందువల్ల పద్దెనిమిదేళ్లకు రిలీజ్ అంటే 'పనికిరాడు' అని తీర్పు ఇచ్చినట్టు కాదు. ఆ క్లబ్బులో, ఆ ఏడాది, ఆ స్థానంలో, ఆ బడ్జెట్‌లో చోటు లేదని మాత్రమే. ఎబెరెచి ఎజెను చూడండి. పదమూడేళ్లకు ఆర్సెనల్ వదిలేసింది. తర్వాత ఫుల్‌హామ్, రెడింగ్ మీదుగా మిల్‌వాల్ చేరితే 2016లో అదీ వదిలేసింది. ఆ వేసవిలోనే క్యూపీఆర్ ట్రయల్‌లో చూసి తీసుకుంది. 2020లో క్రిస్టల్ ప్యాలెస్ కొంది. 2025 మేలో ఎఫ్ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద ఏకైక గోల్ కొట్టాడు. ఆగస్టులో ఆర్సెనలే కోట్లు పోసి కొనుక్కుంది. అలాగని ప్రతి రిలీజ్ వెనకా ఒక ఎజె ఉంటాడనుకుంటే అది ఇంకో పొరపాటు. ఎక్కువమంది నాన్ లీగ్‌కు వెళ్తారు, లేదా ఆటే మానేస్తారు. వాళ్ల గురించి ఎవరూ రాయరు కాబట్టి లెక్క ఎప్పుడూ ఎజె వైపే మొగ్గినట్టు కనిపిస్తుంది.

లోన్ అన్నది ఒకటి కాదు, మూడు రకాలు

లోన్ అంటే అరువు. ఆటగాడు పాత క్లబ్బు మనిషిగానే ఉంటూ వేరే క్లబ్బుకు ఆడతాడు. కెరీర్ పట్టికలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ వాటి వెనక ఉద్దేశాలు వేరు.

మొదటిది వర్క్ ఎక్స్‌పీరియన్స్ లోన్. స్కాలర్‌గా ఉన్న కుర్రాణ్ణి దగ్గర్లోని నాన్ లీగ్ జట్టుకు పంపుతారు. వారమంతా సొంత క్లబ్బులోనే శిక్షణ, సొంత యూత్ జట్టుకూ ఆడొచ్చు. అక్కడ పెద్దవాళ్ల మోచేతులు తగిలితే ఏం చేస్తాడో చూడడమే దీని పని. ఇందులో గోల్స్ లెక్కపెట్టడం దండగ.

రెండోది పాత తరం ఎమర్జెన్సీ లోన్. 93 రోజుల వరకు, సీజన్ మధ్యలో కూడా ఇచ్చేవారు. ఫిఫా నిబంధనల వల్ల 2016-17 నుంచి గోల్‌కీపర్లకు తప్ప ఇది పోయింది. అంతకుముందు ఆడిన మిడ్‌ఫీల్డర్ల పట్టికల్లో ఒకే సీజన్‌లో రెండు మూడు క్లబ్బుల పేర్లు, ఒక్కో చోట నాలుగైదు మ్యాచ్‌లు కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. ఇప్పటి కుర్రాడి పట్టిక శుభ్రంగా ఉందంటే వాడు నిలకడగలవాడని కాదు, నియమం మారిందని.

మూడోది ఇప్పుడు ఎక్కువగా నడిచేది: అర సీజన్ లేదా పూర్తి సీజన్ లోన్. విండో, అంటే ఆటగాళ్ల బదిలీలకు అనుమతించే గడువు, తెరిచి ఉన్నప్పుడే జరుగుతుంది. వెనక్కి పిలిచే హక్కు రాసుకుంటే అది సాధారణంగా జనవరిలో పనికొస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. ఆగస్టులో కుర్రాణ్ణి ముచ్చటపడి తెచ్చుకున్న మేనేజర్ అక్టోబరులో ఉద్యోగం పోగొట్టుకుంటాడు. కొత్తగా వచ్చినవాడు తన పద్ధతికి సరిపడే ముప్పై ఏళ్ల అనుభవజ్ఞుణ్ణి ఆడిస్తాడు. కుర్రాడు జనవరి దాకా బెంచి మీదే. పట్టికలో 'లోన్: 6 మ్యాచ్‌లు' అని మిగులుతుంది. వాడు చెడ్డగా ఆడాడో, అసలు ఆడనే లేదో ఆ అంకె చెప్పదు.

దీనికి విరుగుడుగా క్లబ్బులు కాంట్రాక్టులోనే ఒక మెలిక పెడతాయి. ఊహకు ఒక లెక్క వేద్దాం. కుర్రాడి జీతం వారానికి 1,000 పౌండ్లు. మ్యాచ్ మొదలుపెట్టే పదకొండు మందిలో ఉంటే అరువు తీసుకున్న క్లబ్బు 300 ఇస్తే చాలు, బెంచి మీద కూర్చోబెడితే 800 కట్టాలి అని రాసుకుంటారు. అంటే ఆడించకపోతే జరిమానా. పెద్ద క్లబ్బుకు కావలసింది జీతంలో వాటా కాదు, నిమిషాలు. లీగ్ టూ మేనేజర్‌కు ఇదో ఇరకాటం. జట్టు ఎంపిక తన చేతిలో ఉందా, అకౌంటెంటు చేతిలో ఉందా అన్న అనుమానం రాక మానదు.

నిజంగా కలిసొచ్చిన లోన్లు చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. 2013-14లో ఆస్టన్ విల్లా కుర్రాడు జాక్ గ్రీలిష్ లీగ్ వన్‌లో నాట్స్ కౌంటీకి 37 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, 5 గోల్స్ కొట్టాడు. జట్టు కింది లీగ్‌కు జారే గండం నుంచి చివరి రోజున గట్టెక్కింది. 2017-18లో ఎజె లీగ్ టూలో వికామ్‌కు 20 మ్యాచ్‌లు ఆడి 5 గోల్స్ చేశాడు. జనవరిలో క్యూపీఆర్ వెనక్కి పిలిచింది. ఇక్కడ పిలుపు అంటే మా జట్టుకే కావాలి అని. రెండు చోట్లా కుర్రాడు నెలల తరబడి వరసగా ఆడాడు, రెండు చోట్లా ఆ ఆటల ఫలితం మీద ఎవరి ఉద్యోగమో ఆధారపడి ఉంది.

డాక్ లోన్ ఇంకా కిందికి. గిల్లింగ్‌హామ్ 2012-13లో అతణ్ణి ఐదో అంతస్తులోని బ్రెయిన్‌ట్రీ టౌన్‌కు పంపింది. అదే సీజన్‌లో గిల్లింగ్‌హామ్ లీగ్ టూ గెలిచింది. పైకి వెళ్తున్న జట్టులో పంతొమ్మిదేళ్ల కుర్రాడికి చోటు దొరకడం కష్టం, అందుకే కింద ఆడించారు. పెల్లీ రడ్డక్ ఎంపాన్జు దారి దీనికి తలకిందులు. 2013 నవంబరులో వెస్ట్ హామ్ నుంచి ఐదో అంతస్తులో ఉన్న లూటన్‌కు లోన్ మీద వచ్చాడు. జనవరిలో అక్కడే స్థిరపడ్డాడు. వెస్ట్ హామ్ లాంటి చోటి నుంచి నాన్ లీగ్‌కా అని అప్పుడు ఎవరైనా అనుకుని ఉండొచ్చు. లూటన్ 2014, 2018, 2019, 2023లలో ఒక్కో మెట్టు ఎక్కి ప్రీమియర్ లీగ్‌కు చేరింది. ఒకే క్లబ్బుతో నాన్ లీగ్ నుంచి ప్రీమియర్ లీగ్ దాకా ఆడిన మొదటివాడు అతనే.

మిడ్‌ఫీల్డర్‌కే ఎందుకింత ఇబ్బంది

స్ట్రైకర్ గోల్ కొడితే అందరికీ కనబడుతుంది. కింది లీగుల్లో మిడ్‌ఫీల్డర్ చేసే పనిలో సగం బంతి లేనప్పుడే జరుగుతుంది.

ఒక ఘట్టం తీసుకుందాం. గోల్‌కీపర్ బంతిని గాల్లోకి పొడవుగా కొట్టాడు. అరవై గజాల అవతల సెంటర్ బ్యాకూ సెంటర్ ఫార్వర్డూ ఎగిరారు. ఎవరి తలకు తగిలినా బంతి చేతికందేలా పడదు, పది పదిహేను గజాల్లో ఎక్కడో కిందికొస్తుంది. దాన్నే 'సెకండ్ బాల్' అంటారు. ఆ తలలు తగలక ముందే మిడ్‌ఫీల్డర్ అడుగులు వేసి ఉండాలి, తగిలాక పరిగెడితే ఆలస్యమే. అనుభవం ఉన్నవాడు బంతిని చూడడు, ఎగిరేవాడి భుజం ఎటు తిరిగిందో చూస్తాడు. అకాడమీలో పెరిగిన కుర్రాడు ఇలాంటి బంతుల్ని వందల్లో చూసి ఉండడు. అక్కడ గోల్‌కీపర్ కాలి దగ్గరికి పాస్ ఇస్తాడు, అందుకున్నవాడికి తల ఎత్తి చూసే తీరిక ఉంటుంది. లీగ్ టూలో ఆ తీరిక ఉండదు. సొంత గోల్ వైపు ముఖం పెట్టి బంతి అందుకుంటే రెండో టచ్ వేసేలోపు వీపు మీద ఎవడో ఉంటాడు. మొదటి నెలలో కుర్రాళ్లు బంతి పోగొట్టుకునేది ఎక్కువగా ఇలాగే.

అప్పుడు మేనేజర్ చేసే పని దాదాపు ఊహించవచ్చు. పదో నంబరుగా, అంటే స్ట్రైకర్ వెనకాల ఆడే సృజనశీలిని తీసుకెళ్లి రెక్క మీద పెడతాడు. అక్కడ ఒక పక్క గీత ఉంటుంది కాబట్టి అన్నివైపుల నుంచీ దాడి జరగదు, బంతి పోయినా నేరుగా గోల్ పడదు. అందుకే చాలామంది మిడ్‌ఫీల్డర్ల తొలి పట్టికలో 'వింగర్' అని కనిపిస్తుంది. అది వాడి స్థానం కాదు, తాత్కాలిక ఆశ్రయం.

2017-18లో బ్లాక్‌బర్న్‌లో డాక్ పని చేసిన తీరు దీనికి ఎదురు ఉదాహరణ. మేనేజర్ టోనీ మోబ్రే అతణ్ణి అనుభవజ్ఞుడైన స్ట్రైకర్ డానీ గ్రాహమ్ వెనకాలే ఉంచాడు. పెనుగులాట గ్రాహమ్‌ది, పడిన బంతి అందుకోవడం డాక్‌ది. లీగ్‌లో 18 గోల్స్ వచ్చాయి.

అంకెలు చదివేటప్పుడు జారే చోటు

పట్టికల్లో '35 మ్యాచ్‌లు', '26 మ్యాచ్‌లు' అని ఉంటే మొదటివాడే ఎక్కువ ఆడాడనుకుంటాం. లెక్క కట్టి చూద్దాం. లీగ్ సీజన్‌లో ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు, మొత్తం 4,140 నిమిషాలు. మొదటి కుర్రాడు 20 మ్యాచ్‌లు మొదటి నుంచి చివరిదాకా, 15 మ్యాచ్‌లు చివరి పావుగంట చొప్పున ఆడాడు. 1,800కి 225 కలిపితే 2,025 నిమిషాలు. రెండోవాడు 24 మ్యాచ్‌లు పూర్తిగా, రెండు మ్యాచ్‌లు ఇరవై నిమిషాల చొప్పున ఆడాడు. 2,160కి 40 కలిపితే 2,200. తొమ్మిది మ్యాచ్‌లు తక్కువ ఆడినవాడే మైదానంలో ఎక్కువసేపు ఉన్నాడు.

ఇంకో గడి ఉంటుంది, 'ఇతర' అని. కింది లీగుల్లో అది ఎక్కువగా ఈఎఫ్ఎల్ ట్రోఫీ. 2016-17 నుంచి లీగ్ వన్, లీగ్ టూలలోని 48 క్లబ్బులతోపాటు పెద్ద క్లబ్బుల 16 యూత్ జట్లూ ఇందులో ఆడుతున్నాయి. కుర్రాళ్ల తొలి మ్యాచ్ తరచుగా ఇక్కడే. అభిమానుల్లో చాలామందికి ఈ ఏర్పాటు నచ్చలేదు, తమ కప్పును పెద్ద క్లబ్బుల ప్రయోగశాల చేశారన్నది వారి బాధ. పూర్తిగా పిల్లల్నే దించకుండా మొదటి జట్టువాళ్లు ఇంతమంది ఉండాలని నియమం కూడా పెట్టారు. 2016లో బ్రాడ్‌ఫర్డ్ సిటీ ఆ నియమం తీర్చడానికి తన ప్రధాన గోల్‌కీపర్‌ను దించి మూడు నిమిషాలకే మార్చేసింది. అలాంటి పోటీలో వచ్చిన గోల్స్‌ను లీగ్ గోల్స్‌తో కలిపి లెక్కేయకపోవడమే మంచిది.

డబ్బు ఎవరికి చేరుతుంది

అసలు గొడవంతా ఇక్కడే. 2012లో ఇంగ్లండ్‌లో ఈపీపీపీ అనే కొత్త అకాడమీ విధానం వచ్చింది. అకాడమీలను నాలుగు కేటగిరీలు చేశారు, మొదటిది అన్నిటికన్నా పైది. అంతకుముందు కుర్రాడి ఇంటి నుంచి అకాడమీకి గంటన్నర ప్రయాణం దాటకూడదన్న నియమం ఉండేది, మొదటి కేటగిరీ అకాడమీలకు దాన్ని సడలించారు. ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బు పిల్లాణ్ణి తీసుకుంటే ఇవ్వాల్సిన పరిహారానికి స్థిరమైన పట్టిక పెట్టారు.

మొదట్లో ఆ పట్టిక ప్రకారం 9 నుంచి 11 ఏళ్ల జట్లలో ఏడాదికి 3,000 పౌండ్లు. 12 నుంచి 16 ఏళ్ల జట్లలో తయారుచేసిన అకాడమీ స్థాయిని బట్టి ఏడాదికి 12,500 నుంచి 40,000. మూడో కేటగిరీ అకాడమీలో తొమ్మిదేళ్ల జట్టు నుంచి పద్నాలుగేళ్ల జట్టు వరకు ఆరేళ్లు పెరిగిన మిడ్‌ఫీల్డర్‌ను పెద్ద క్లబ్బు ఎత్తుకుపోయిందనుకోండి. మొదటి మూడేళ్లకు 9,000, తర్వాతి మూడేళ్లకు 37,500, మొత్తం 46,500 పౌండ్లు. అదే కుర్రాడు మొదటి కేటగిరీ అకాడమీలో పెరిగి ఉంటే 9,000 కలిపి 1,20,000, అంటే 1,29,000. మున్ముందు వాడు పెద్ద జట్టుకు ఆడితే అదనపు సొమ్ము వస్తుంది. కానీ అది రావచ్చు, రాకపోవచ్చు.

పెద్ద క్లబ్బుల వాదన ఏమిటంటే, ముందే తెలిసిన ధర ఉంటే ఏళ్ల తరబడి ట్రిబ్యునళ్ల చుట్టూ తిరిగే పని తప్పుతుంది, మంచి కుర్రాడికి మంచి శిక్షణ త్వరగా దొరుకుతుంది, అకాడమీల ప్రమాణాలూ పెరుగుతాయి. శిక్షణ ప్రమాణాలు పెరిగిన మాట నిజమే. చిన్న క్లబ్బుల మాట వేరు. నాటింది మేం, నీళ్లు పోసింది మేం, కాయ మాత్రం పక్కింటివాడు కోసుకుపోతాడు అంటాయి. 2016లో బ్రెంట్‌ఫర్డ్ అకాడమీనే మూసేసి, పెద్ద క్లబ్బులు వదిలేసిన కుర్రాళ్లతో బీ జట్టు నడిపింది. అది కోపంతో చేసిన పని కాదు, లెక్క చూసుకుని చేసిన పని.

కాంట్రాక్టు వయసొచ్చాక నియమం మారుతుంది. 1995 నాటి బోస్మన్ తీర్పు తర్వాత కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు ఉచితంగా వెళ్లవచ్చన్నది అందరికీ తెలిసిందే. ఇంగ్లండ్‌లోపల మాత్రం 24 ఏళ్ల లోపువాడికి ఒక మినహాయింపు ఉంది. పాత క్లబ్బు ఇప్పటిదానికి తగ్గని కొత్త కాంట్రాక్టు ఇస్తానంటే, వాడు కాదని ఇంకో క్లబ్బుకు వెళ్తే పరిహారం కట్టాలి. కుదరకపోతే స్వతంత్ర కమిటీ తేలుస్తుంది. ఫుల్‌హామ్ నుంచి లివర్‌పూల్ వెళ్లిన హార్వీ ఎలియట్ విషయంలో 2021లో ఆ కమిటీ ముందుగా 12 లక్షల పౌండ్లు, షరతులు నెరవేరితే 43 లక్షల దాకా అని తేల్చింది. ఆ సీజన్‌లో ఎలియట్ లోన్ మీద ఆడుతున్నది బ్లాక్‌బర్న్‌లోనే.

కొన్నాళ్లు జీతాల పరిమితి కూడా కుర్రాళ్లకు చోటు తెచ్చింది. 2020 ఆగస్టులో లీగ్ వన్ క్లబ్బులకు ఏడాదికి 25 లక్షలు, లీగ్ టూకు 15 లక్షల పౌండ్ల గరిష్ఠ పరిమితి పెట్టారు. 21 ఏళ్ల లోపువారి జీతాలు ఆ లెక్కలోకి వచ్చేవి కావు. దాంతో బడ్జెట్ దాటకుండా బెంచి నింపడానికి కుర్రాళ్లే దారి అయ్యారు. పీఎఫ్ఏ సవాలు చేయగా 2021 ఫిబ్రవరిలో ఆ పరిమితి కొట్టివేతకు గురైంది.

అమ్మేసి, అక్కడే ఆడించడం

చిన్న క్లబ్బుకు నచ్చే ఏర్పాటు ఇదొకటి: జనవరిలో డబ్బు తీసుకుని, అదే కుర్రాణ్ణి సీజన్ చివరిదాకా లోన్ మీద ఉంచుకోవడం. పదహారేళ్లకే ఎఫ్ఏ కప్‌లో ఎంకే డాన్స్‌కు తొలి మ్యాచ్ ఆడిన డెలి అలీ, 2014 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్‌ను 4-0తో ఓడించిన జట్టులో ఉన్నాడు. 2015 ఫిబ్రవరి 2న టాటెన్‌హామ్ 50 లక్షల పౌండ్లు ముందు ఇచ్చి కొంది. అయినా అలీ మే దాకా ఎంకే డాన్స్‌కే ఆడాడు, జట్టు లీగ్ వన్ నుంచి పైకి వెళ్లింది. ఏడాది తర్వాత కోవెంట్రీ కుర్రాడు జేమ్స్ మాడిసన్‌ను నార్విచ్ ఇలాగే కొని వెనక్కి పంపింది. పట్టికలో ఇది 'నార్విచ్ నుంచి కోవెంట్రీకి లోన్' అని పడుతుంది. తెలియనివాడు చదివితే నార్విచ్‌లో చోటు దొరక్క వెనక్కి వచ్చాడనుకుంటాడు.

ఇక ఆ మే నెల జాబితా

అందులో కనిపించే మాటలు కొన్నే. 'ఆఫర్డ్ టెర్మ్స్' అంటే కొత్త కాంట్రాక్టు ఇస్తామన్నారు, ఇంకా సంతకం కాలేదు. 24 లోపువాడైతే ఈ మాట వెనక పరిహారం హక్కు కాపాడుకోవడం కూడా ఉంటుంది. 'ఆప్షన్ ఎక్సర్సైజ్డ్' అంటే కాంట్రాక్టులో ముందే రాసుకున్న అదనపు ఏడాదిని క్లబ్బు వాడుకుంది, ఆటగాణ్ణి అడగాల్సిన పని లేదు. ఇది ప్రేమతోనే కానక్కర్లేదు, ఏడాది మిగిలి ఉంటే అమ్మకం ధర వస్తుంది. 'రిలీజ్డ్' అంటే జూన్ 30తో కాంట్రాక్టు ముగుస్తుంది, పరిహారం అడగరు. కుర్రాడికి ఒక్కోసారి ఇదే మేలు: తీసుకునే క్లబ్బుకు ఖర్చు లేదు కాబట్టి జూలైలో ట్రయల్‌కు తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి.

డాక్ 2016లో లీగ్ వన్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అయినా ఇంకో ఏడాది గిల్లింగ్‌హామ్‌లోనే ఉన్నాడు. 2017లో బ్లాక్‌బర్న్ తీసుకున్న ధర సుమారు ఏడున్నర లక్షల పౌండ్లని అప్పట్లో వార్తలొచ్చాయి. 2018లో మళ్లీ అదే అవార్డు. 2019 డిసెంబరులో మోకాలి లిగమెంటు తెగింది, 2021 మార్చిలో మరోసారి. 2023లో బ్లాక్‌బర్న్ నుంచి సండర్లాండ్ వెళ్లి, 2024 వేసవిలో గిల్లింగ్‌హామ్‌కు తిరిగొచ్చాడు. వచ్చేసరికి ఆ క్లబ్బు లీగ్ టూలో ఉంది, బ్రెయిన్‌ట్రీకి పంపిన ఏడాది ఉన్న చోటే.